ఐదువందల అరవై ఓములు

ఫ్లీట్‌వుడ్‌లో వాన లేని మంగళవారం అరుదు.
అలాంటి ఒక మంగళవారం
నా కొట్టు తలుపు భుజంతో నెట్టుకుంటూ వచ్చాడు క్లిఫ్ స్వార్‌బ్రిక్,
చంకలో, తువ్వాలు చుట్టిన పసిబిడ్డలా, ట్రాలర్.
మూడడుగుల పడవ. వలలున్నాయి, వించి ఉంది,
వంటగది పొగగొట్టం కూడా ఉంది.
దీపాలే లేవు.

"బ్యాటరీ పన్నెండు వోల్టులు. మిగతాది నువ్వు చెప్పు."

రసీదు వెనక లెక్క వేశాను.
ఎర్ర దీపం తాగేది రెండు వోల్టులే. మిగిలిన పదినీ
దారిలో ఎక్కడో దించాలి, తలమీది మూటలా.
పదిని ఇరవై మిల్లీఆంపులతో భాగిస్తే ఐదువందలు.
సరిగ్గా ఐదువందలది నా సొరుగులో ఏనాడూ లేదు.
పై మెట్టుకు పోవాలి: ఐదువందల అరవై.
కిందికి దిగితే దీపం ఆయుష్షు తినేస్తాం.
ఆకుపచ్చ దీపానికి ఆకలి ఎక్కువ,
దాని ముందు నాలుగువందల డెబ్బై చాలు.

బియ్యపుగింజల్లాంటి రెసిస్టర్లు అతని అరచేతిలో పోశాను.
"చారలు చూసుకో, ఆకుపచ్చ, నీలం, గోధుమ..."
అతను చారలు చూడలేదు. నన్ను చూశాడు.

"పదహారో ఏట, లివర్‌పూల్‌లో, ఒక చీకటి గది.
ఒకాయన చిన్న లాంతరు చూపించి రంగు చెప్పమన్నాడు.
చెప్పాను. ఏదో రాసుకున్నాడు.
మళ్లీ చూపించాడు. మళ్లీ రాసుకున్నాడు.
బయట మా నాన్న
టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు."

కామెర్ల కంటికి లోకమంతా పచ్చన అంటారే,
ఇతని కంటికి ఎరుపూ ఆకుపచ్చా రెండూ
తడిసిన ఇసుక.
నలభై ఏళ్లు రేవులో చేపల పెట్టెలు లెక్కపెట్టాడు,
పడవ దాకా వెళ్లి, పడవ ఎక్కకుండా.

"ఆ పరీక్షాయన ఎన్ని ఓములంటావ్?" అని నవ్వాడు.
నవ్వాలో వద్దో తేలక
దీపాలు రెండు పొట్లాల్లో వేసి
ఒకదానిమీద ఎడమ అని, ఒకదానిమీద కుడి అని రాశాను.
వెలగనప్పుడు రెండూ నీటిబొట్లే, తేడా తెలియదు.
అప్పుడే ఫోను మోగింది.

శనివారం పొద్దుగూకాక
సముద్రపు గోడకు ఇవతలి చెరువు దగ్గర
ఫ్లాస్కులు, మడత కుర్చీలు, ఎవరిదో తడిసిన కుక్క.
ఒక్కో రెసిస్టర్నీ మీటరుతో కొలిచాడట,
చారలు తనతో మాట్లాడవు కనక.
పొడుగు కాలు ఇటు, పొట్టి కాలు అటు,
సీసం అతుకు మీద అతుకు, మూడు రాత్రులు.

అవతలి ఒడ్డున పడవ తిరిగింది. మావైపు వస్తోంది.
మా ఎడమచేతికి ఎరుపు.
మా కుడిచేతికి ఆకుపచ్చ.

గోర్స్ట్ ముసలాయన, ముప్పై ఏళ్లు ఓడల పైలట్,
టీ కప్పు నోటిదాకా తెచ్చి ఆపాడు.
వద్దన్నట్టు తల ఊపాను.
నా చెవుల్లో ఫోను ఇంకా మోగుతోంది.

"కుడి దీపం కాస్త ఎక్కువ మండుతోంది," అన్నాడు క్లిఫ్,
"ఎడమది నీరసం. నీ లెక్క తప్పిందా?"

ఐదారు మిల్లీఆంపుల తేడా.
మా అందరి మంచి కళ్లకూ అందనిది
అతని కంటి తక్కెడలో తూగింది.

"లెక్క కాదు, పొట్లం," అన్నాను. "రాసిన చెయ్యి నాది.
దీపాలు తారుమారయ్యాయి."

అతని బొటనవేలు కదల్లేదు. పడవ వస్తూనే ఉంది.

"మీకెలా కనిపిస్తోంది?"

నేను వెతుక్కుంటుంటే గోర్స్ట్ చెప్పాడు:
"ఒడ్డున నిలబడ్డవాడికి అలా కనపడదు, క్లిఫ్.
చుక్కాని పట్టుకుని ముందుకు చూసేవాడికి
అలా కనపడుతుంది."

కుక్క ఒళ్లు విదిలించుకుంది. చలి పెరిగింది.
"సోమవారం విప్పుదాం," అన్నాడు క్లిఫ్,
"రెసిస్టర్లతో సహా. డబ్బులు నువ్వే పెట్టుకో."
పడవను ఒడ్డుకు రానివ్వలేదు.
ఇంకో చుట్టు తిప్పాడు, మావైపుకే,
తర్వాత ఇంకోటి,
బ్యాటరీ నిండుకునేదాకా.